ఊరూరి ఎక్స్ఛేంజ్ చాప్టర్లకు అండగా ఒక జాతీయ సంస్థను నిర్మించడం ఎలా?

విదేశంలో ఒక విద్యా సంవత్సరమో, ఒక ఫెలోషిప్ కాలమో గడిపి తిరిగివచ్చినవారు పదిమంది ఒకచోట కలుసుకుని తమ ఊళ్లో ఒక చాప్టర్, అంటే ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాముల్లో పాల్గొన్నవారి స్థానిక సంఘం, పెట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. ఆ చాప్టర్ అయిదేళ్ల తరువాత కూడా బతికి ఉండటమే కష్టం. విశాఖపట్నంలో మా చాప్టర్ రెండుసార్లు ఆగిపోయి మళ్లీ మొదలైంది. మొదటిసారి కార్యదర్శి ఉద్యోగరీత్యా బెంగళూరు వెళ్లిపోగా, సభ్యుల పట్టిక, పాత ఉత్తరాలు ఆయన సొంత ఈమెయిల్‌లోనే ఉండిపోయాయి. రెండోసారి కోశాధికారి కెనడా వెళ్లిన తరువాత, బ్యాంకు ఖాతాకు జోడించిన ఫోన్ నంబరు ఆయనదే కావడంతో ఓటీపీ అందక, సంతకాల మార్పు పూర్తయ్యేదాకా నెలల తరబడి ఖాతాలోని డబ్బు కదలలేదు. వెళ్లినవారిని తప్పుపట్టలేము. ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాములకు ఎంపికయ్యేవారు సహజంగానే ఊళ్లు దాటేవారు, పైగా విశాఖ తన పిల్లలను చదివించి హైదరాబాదుకో, అమెరికాకో సాగనంపే ఊరు.

అందుకే జాతీయ సంస్థ చేయవలసిన మొదటి పని సభలు జరపడమూ కాదు, బిరుదులు పంచడమూ కాదు. మనుషులు వెళ్లిపోయినా పేర్ల పట్టిక, లెక్కలు, తీర్మానాలు, పరిచయాలు చాప్టర్ దగ్గరే నిలిచేలా చూడటం దాని పని. కింది క్రమమంతా ఆ ఒక్క ప్రయోజనాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినదే.

ముందు వినండి

రిజిస్ట్రేషన్ గురించి ఆలోచించడానికి ముందు, వివిధ రాష్ట్రాల్లో ఇప్పటికే నడుస్తున్న ఎనిమిది పది చాప్టర్ల బాధ్యులతో విడివిడిగా, తీరికగా ఫోన్‌లో మాట్లాడండి. "జాతీయ సంస్థ అవసరమా?" అని అడగకండి, ఎందుకంటే మర్యాద కోసమైనా అందరూ అవసరమనే అంటారు. బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంది, సభ్యుల పట్టిక ఎవరి దగ్గర ఉంది, కిందటిసారి కార్యదర్శి మారినప్పుడు ఏయే కాగితాలు చేతులు మారాయి, డబ్బో మనుషులో హాలో దొరకక ఏ కార్యక్రమం మానుకున్నారు అని అడగండి. ఇచ్చేవారుంటే కిందటి ఏడాది జమాఖర్చులు చూపించమనండి. ఆ ఒక్క కాగితం గంట సంభాషణ కంటె ఎక్కువ చెబుతుంది.

ఊరిని బట్టి ఇబ్బంది మారుతుందని మీరు త్వరలోనే గమనిస్తారు. ఢిల్లీ చాప్టర్‌కు రాయబార కార్యాలయాలు చేరువలో ఉంటాయి. హైదరాబాదు చాప్టర్‌కు 2008లో ప్రారంభమైన అమెరికన్ కాన్సులేట్ ఊళ్లోనే ఉంది. అదే కాన్సులేట్ పరిధిలోకి ఆంధ్రప్రదేశ్, ఒడిశా కూడా వచ్చినా, విశాఖ నుంచి అక్కడికి వెళ్లి రావాలంటే రెండు రాత్రుల రైలు ప్రయాణం తప్పదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 2021లో అమెరికన్ కార్నర్ (అమెరికా ప్రభుత్వ తోడ్పాటుతో నడిచే సమాచార కేంద్రం) ఏర్పడిన తరువాత ఊళ్లోనే కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటు దొరికింది గాని, అటువంటి చోటు లేని ఊళ్లే దేశంలో ఎక్కువ. జాతీయ సంస్థ పథకాలన్నీ ఆ ఊళ్ల అవసరాన్ని కొలతగా పెట్టుకుని వేసుకోవాలి.

ఇతర దేశాల అనుభవం కూడా ఈ క్రమాన్నే సూచిస్తుంది. జపాన్ ప్రభుత్వం విదేశీ యువతను తన పాఠశాలలకు సహాయ ఉపాధ్యాయులుగా పిలిపించుకునే జెట్ కార్యక్రమాన్ని 1987లో మొదలుపెట్టింది. తిరిగివచ్చినవారు అమెరికాలో నగరానికొక చాప్టర్‌గా కూడుకున్నారు. ఆ చాప్టర్లకు తోడ్పడటానికి యూఎస్‌జెట్‌ఏఏ అనే జాతీయ సంస్థ 2015లో ఏర్పడింది. అంటే చాప్టర్లు ముందు పుట్టాయి, వాటి అవసరాలు స్పష్టమైన తరువాతే పై సంస్థ వచ్చింది. మూడు దశాబ్దాలు ఆగమని నేను చెప్పడం లేదు. కనీసం ఆరు చాప్టర్లు రెండేళ్లపాటు సొంతంగా నడిచిన అనుభవం లేకుండా పైకప్పు వేయవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ఎవరిని చేర్చుకోవాలో తేల్చుకోండి

ఒకే ప్రోగ్రాం వారికి పరిమితం కావాలా, అన్ని ప్రోగ్రాముల వారినీ కలుపుకోవాలా అన్నది తొలి చర్చలోనే వస్తుంది. భారత్, అమెరికాల మధ్య 1950 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో మొదలైన ఫుల్‌బ్రైట్ వంటి పాత కార్యక్రమానికి పెద్ద నగరాల్లో తగినంతమంది ఉంటారు. విశాఖ, తిరుపతి, భువనేశ్వర్ వంటి ఊళ్లలో మాత్రం ఫుల్‌బ్రైట్-నెహ్రూ, చీవెనింగ్, ఎరాస్మస్ ముండస్, కెన్నెడీ-లూగర్ యెస్, రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్ వంటి వేర్వేరు ప్రోగ్రాముల వారందరినీ కలిపితేనే ఒక గదికి సరిపడేంతమంది అవుతారు. కాబట్టి చిన్న ఊళ్లలో ఉమ్మడి చాప్టర్లకు చోటివ్వడమే మేలు. ఏదైనా ప్రోగ్రాం పేరును సంస్థ పేరులో వాడదలిస్తే ఆ ప్రోగ్రాం నిర్వాహకుల నుంచి రాతపూర్వకమైన అనుమతి తీసుకోండి. సంస్థకు ప్రభుత్వ ప్రాపకం ఉన్నట్టు ధ్వనించే పేర్లను 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం అనుమతించదు కనుక, "జాతీయ", "భారత" అనే మాటలను వాడే ముందు రెండు మూడు ప్రత్యామ్నాయాలను కూడా సిద్ధం చేసుకోండి.

చట్టబద్ధ రూపం: తొందరపడకూడని చోటు

ఈ అడుగులో పొరపాటు చేస్తే తరువాత సరిదిద్దుకోవడానికి ఏళ్లు పడుతుంది కనుక దీనికి ఎక్కువ సమయం కేటాయించండి. మీ ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రార్ వద్ద సొసైటీని నమోదు చేసుకోవచ్చు. స్థానిక చాప్టర్‌కు ఇది చక్కగా సరిపోతుంది. అఖిల భారత స్థాయి సొసైటీ కావాలనుకున్నవారు ఢిల్లీలో 1860 నాటి కేంద్ర చట్టం కింద, ఎనిమిది వేర్వేరు రాష్ట్రాలకు చెందిన ఎనిమిదిమందితో నమోదు చేయించుకోవడం ఆనవాయితీ. మూడోది కంపెనీల చట్టం, 2013లోని 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీ. ఇద్దరు డైరెక్టర్లతోనే మొదలుపెట్టవచ్చు, దేశమంతటా పనిచేయవచ్చు, దాఖలు పనులన్నీ ఆన్‌లైన్‌లోనే జరుగుతాయి. అయితే ఏటా ఆడిట్, బోర్డు సమావేశాలు, రిటర్నులు క్రమం తప్పకూడదు. బాధ్యులు తరచూ ఊళ్లు మారే మన బోటి సంస్థకు, కాగితాలన్నీ ఒక బహిరంగ రికార్డులో ఉండే ఈ మూడో రూపమే తగినదని నా అభిప్రాయం. ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో మాట్లాడకుండా మాత్రం సంతకాలు చేయకండి.

అంతకంటె పెద్ద ప్రశ్న చాప్టర్ల హోదా. అవి జాతీయ సంస్థకు శాఖలుగా ఉండాలా, లేక వేటికవి నమోదైన సొసైటీలుగా ఉండి అనుబంధ ఒప్పందం చేసుకోవాలా? స్వయంప్రతిపత్తి మీద ఇష్టంతో చాలామంది రెండోదాని వైపే మొగ్గుతారు. ఇక్కడే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 అడ్డు వస్తుంది. 2020లో ఆ చట్టంలోని 7వ సెక్షన్‌ను సవరించిన తరువాత, విదేశీ విరాళం అందుకున్న సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడానికి వీలులేదు. విదేశీ ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు కూడా విదేశీ విరాళమే కనుక, రాయబార కార్యాలయం ఇచ్చిన నిధిని జాతీయ సంస్థ తీసుకుని, వేరే సొసైటీగా నమోదైన విశాఖ చాప్టర్ ఖాతాలో వేయడం చట్టవిరుద్ధం అవుతుంది. విశాఖలో జరిగే కార్యక్రమానికి హాలు అద్దె, బస్సు కిరాయి జాతీయ సంస్థే తన ఖాతా నుంచి నేరుగా చెల్లించవచ్చు. శాఖగా ఉన్న చాప్టర్‌కు ఈ చిక్కు ఉండదు, ఎందుకంటే చట్టం దృష్టిలో రెండూ ఒకే సంస్థ.

అందువల్ల రెండు రకాల చాప్టర్లకూ చోటు ఉంచండి. కొత్తవి, చిన్నవి జాతీయ సంస్థ శాఖలుగా, ఒకే పాన్ కింద, ఎవరి పద్దు వారికి విడిగా చూపే లెక్కలతో నడవాలి. ఇప్పటికే సొసైటీగా నమోదైన పాత చాప్టర్లు ఒప్పందం ద్వారా అనుబంధంగా చేరాలి. ఏ చాప్టర్ ఏ రకానికి చెందిందో, ఏ డబ్బు దానికి చేరవచ్చో, ఏది చేరకూడదో ఆ ఒప్పందంలో తేట తెలుగులో రాయండి.

విదేశీ విరాళాల నమోదు కోసం మొదటి ఏడాదే పరుగెత్తవద్దు. సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో లక్ష్యాల మీద కనీసం 15 లక్షల రూపాయల ఖర్చు చూపగలగాలి. అంతకంటె ముందు ఒక నిర్దిష్టమైన విరాళం వస్తే దానికి మాత్రమే ముందస్తు అనుమతి కోరవచ్చు. నమోదు వచ్చిన తరువాత కూడా విదేశీ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి, పరిపాలన ఖర్చులు ఇరవై శాతం దాటకూడదు. విశాఖవాసులకు అవసరమైన మరో సంగతి ఉంది. భారత పౌరసత్వం నిలుపుకున్న ప్రవాసులు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆయన ఇచ్చేది విదేశీ విరాళమే. మన ఇళ్లలో అన్నకు ఒక పాస్‌పోర్టు, తమ్ముడికి మరో పాస్‌పోర్టు ఉండటం మామూలు విషయం కనుక, చందా తీసుకునేటప్పుడు పౌరసత్వం అడగడానికి మొహమాటపడవద్దు.

ఉపనియమావళిలో ఏముండాలి

నియమావళి చిన్నదిగా ఉండటం మంచిదే గాని, కొన్ని మాటలు తప్పకుండా ఉండాలి. జాతీయ మండలిలో చాప్టర్ పెద్దదైనా చిన్నదైనా ఒక్కటే ఓటు. పదవీకాలం రెండేళ్లు, ఒకే పదవిలో వరుసగా రెండు పర్యాయాలకు మించి ఎవరూ ఉండరు. ఒకే నగరం నుంచి అధ్యక్షుడు, కోశాధికారి ఇద్దరూ ఉండకూడదు. వీడియో ద్వారా జరిగే సమావేశాలు, ఓట్లు చెల్లుతాయని స్పష్టంగా రాయాలి, లేకపోతే విశాఖ, షిల్లాంగ్ వంటి ఊళ్లవారు పేరుకే మండలి సభ్యులుగా మిగిలిపోతారు.

జాతీయ సంస్థ చేయకూడని పనులను కూడా రాయండి. చాప్టర్ ఎన్నుకున్న బాధ్యులను అది మార్చకూడదు, చాప్టర్ పద్దులో మిగిలిన సొమ్మును తన అవసరాలకు వాడుకోకూడదు, ఊళ్లో ఏ కార్యక్రమం జరపాలో ఆదేశించకూడదు. ఈ మూడు వాక్యాలు చూసిన తరువాతే చాలా చాప్టర్లు చేరడానికి ఒప్పుకుంటాయి.

చాప్టర్లకు అందించవలసినవి

అన్నిటికంటె విలువైనది అప్పగింత పుస్తకం. దానికి ఒక నమూనా తయారుచేసి ప్రతి చాప్టర్‌కూ ఇవ్వండి. బ్యాంకు ఖాతా వివరాలు, సంతకాల హక్కు ఉన్నవారు, జోడించిన ఫోన్ నంబరు ఎవరిది, ఈమెయిల్, ఇతర ఖాతాలు ఎవరి ఆధీనంలో ఉన్నాయి, హాలు ఇచ్చేవారెవరు, ఊళ్లో సాయపడే కళాశాలలు, కార్యాలయాలు ఏవి, ఏటా జరిపే కార్యక్రమాలకు ఎంత ఖర్చయింది అన్నవి అందులో ఉండాలి. చాప్టర్ ఈమెయిల్ చిరునామాలన్నీ జాతీయ సంస్థ డొమైన్ మీదే ఉంటే, పాత కార్యదర్శి వెళ్లిన రోజే కొత్తవారికి తాళం అందుతుంది. బాధ్యులు మారినప్పుడల్లా పాతవారు, కొత్తవారు, జాతీయ సంస్థ ప్రతినిధి ముగ్గురూ ఒక గంటసేపు కూర్చుని ఆ పుస్తకాన్ని పేజీ పేజీ చదివి సంతకాలు చేయాలి. ఈ పద్ధతి పెట్టుకున్న తరువాత మా చాప్టర్‌లో ముగ్గురు కార్యదర్శులు మారారు, ఒక్క కాగితం కూడా పోలేదు.

రెండోది సభ్యుల బదిలీ. విశాఖ సభ్యురాలు పుణెలో ఉద్యోగంలో చేరితే, ఆమె అంగీకారంతో ఆమె వివరాలు పుణె చాప్టర్‌కు వెళ్లాలి, అక్కడివారు ఆమెకు ఫోన్ చేసి పలకరించాలి. వినడానికి ఇది చిన్న పనే. కానీ ఒక్కొక్క ఊరు పోగొట్టుకునే సభ్యులను దేశం మొత్తం మీద నిలుపుకునే మార్గం ఇది తప్ప మరొకటి నాకు కనిపించలేదు. అయితే ఈ పట్టిక విషయంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023ను గుర్తుంచుకోండి. వాట్సాప్ గ్రూపులోంచి నంబర్లు ఎత్తి రాసుకోవడం కాదు, ప్రతి సభ్యుడూ ఏ వివరం దేనికి వాడతారో తెలిసి ఒప్పుకోవాలి, వద్దనుకున్న రోజున తీసేయించుకోగలగాలి. హైస్కూల్ స్థాయి కార్యక్రమాల నుంచి వచ్చేవారిలో పద్దెనిమిదేళ్లు నిండనివారు ఉంటారు కాబట్టి, వారి విషయంలో తల్లిదండ్రుల అంగీకారం తప్పనిసరి.

మూడోది చిన్న గ్రాంట్లు. పది వేల నుంచి పాతిక వేల రూపాయల దాకా, ఒక పేజీ దరఖాస్తు మీద, పదిహేను రోజుల్లో జవాబు ఇచ్చే పద్ధతి పెట్టండి. పాడేరు ఆశ్రమ పాఠశాలలో రెండు రోజుల ఇంగ్లీషు శిక్షణకో, రామకృష్ణా బీచ్‌లో చెత్త ఏరివేతకో ఆ మాత్రం చాలు. తీరప్రాంత చాప్టర్లకు మాత్రం మరో వెసులుబాటు కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రెండూ లేక ఊరు రోజుల తరబడి అవస్థ పడింది. అటువంటి వేళ ఢిల్లీ నుంచి అనుమతి కోసం ఎదురుచూడమనడం అర్థం లేనిది. పెదజాలరిపేటలో ఏ వీధికి మంచినీళ్లు కావాలో ఊళ్లోవారికే తెలుస్తుంది. కాబట్టి విపత్తు సమయంలో ఒక పరిమితి దాకా చాప్టర్ అధ్యక్షులు, కోశాధికారి కలిసి అడగకుండానే ఖర్చుచేసి, తరువాత బిల్లులు పంపే హక్కును ముందుగానే తీర్మానం ద్వారా ఇచ్చి ఉంచండి. అందుకోసం కొంత సొమ్ము చాప్టర్ పద్దులోనే ఉండాలి.

స్వచ్ఛంద సేవకులకు బృంద ప్రమాద బీమా, వెళ్లబోయేవారికి అవగాహన శిక్షణ, తిరిగివచ్చినవారికి పలకరింపు సమావేశం వంటివి ఒక్కొక్కటిగా తరువాత చేర్చుకోవచ్చు.

డబ్బు

అంకెలతోనే ఆలోచించండి. చాప్టర్‌కు సగటున అరవైమంది సభ్యులు, ఏడాదికి 500 రూపాయల చందా, అందులో వంద జాతీయ సంస్థకు అనుకుంటే, పది చాప్టర్ల నుంచి ఏటా వచ్చేది 60,000 రూపాయలు. ఆడిట్ రుసుము, దాఖలు ఖర్చులు, డొమైన్, వీడియో సమావేశాల చందా పోగా చిన్న గ్రాంట్లకు మిగిలేది స్వల్పం. జీతం ఇచ్చి ఉద్యోగిని పెట్టుకోవడానికి అది ఏమాత్రం చాలదు. ఈ లెక్కను మొదటి సమావేశంలోనే అందరి ముందూ ఉంచితే, మొదటి మూడేళ్లు సంస్థ సేవాభావం మీదే నడవాలన్న సంగతిని ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు.

ఆదాయపు పన్ను శాఖ వద్ద, వాడుకలో 12ఎ, 80జి అని పిలిచే నమోదులను వీలైనంత త్వరగా చేయించండి. 12ఎ ఉంటే సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు, 80జి ఉంటే పాత పన్ను విధానంలో ఉన్న దాతలకు పన్ను రాయితీ దొరుకుతాయి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులను ఆశించేవారు ఈ రెండింటితోపాటు, కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వద్ద సీఎస్ఆర్-1 అనే ఫారంతో నమోదు చేయించుకోవాలి, మూడేళ్ల పని అనుభవమూ చూపాలి. స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, పోర్టు ఉన్న ఊళ్లో ఆ నిధుల మీద ఆశ కలగడం సహజమే గాని, ఆ డబ్బు కంపెనీ ఎంచుకున్న సామాజిక కార్యక్రమాలకు వస్తుంది, సంస్థ సొంత నిర్వహణకు రాదు.

మొదటి జాతీయ సమావేశం

దీన్ని ఢిల్లీలో కాకుండా రెండో శ్రేణి నగరంలో జరపమని నా సలహా. విశాఖలోనైతే జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలం. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం కనుక పెట్టుకోవద్దు. ప్రతి చాప్టర్ నుంచి ఒక ప్రతినిధికి థర్డ్ ఏసీ రైలు ఛార్జీ జాతీయ సంస్థ భరించాలి, లేకపోతే స్థోమత ఉన్న ఊళ్లవారే వస్తారు. బసకు హోటల్ వెతకవద్దు. మనలో చాలామంది పరాయి దేశంలో ఒక కుటుంబం పెట్టిన అన్నం తిని, ఆ ఇంటి పిల్లల్లా తిరిగినవాళ్లం. ఊళ్లోని సభ్యులు ఎం.వి.పి. కాలనీలోనో, గాజువాకలోనో తమ ఇళ్లలో ఇద్దరిద్దరు ప్రతినిధులను ఉంచుకుంటే ఖర్చు తగ్గుతుంది, అంతకంటె ముఖ్యంగా రాత్రి భోజనాల దగ్గర కలిసిన మనసులు ఆ తరువాత ఏడాదంతా ఫోన్‌లో పలుకుతాయి.

కార్యక్రమంలో ప్రసంగాలు తగ్గించండి. మొదటి పూట నియమావళి ఆమోదం, ఎన్నికలు. రెండో పూట అంతా అప్పగింత పుస్తకం నింపడం మీద పని జరగాలి. ప్రతినిధులు తమ చాప్టర్ కాగితాలు వెంట తెచ్చుకోవాలని నెల ముందే రాయండి. రెండో రోజు ఉదయం, వచ్చే ఏడాది ఏ చాప్టర్ ఏ చాప్టర్‌కు తోడుగా ఉంటుందో జతలు కట్టండి.

నిద్రపోయిన చాప్టర్

ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒక ఊళ్లో చాప్టర్ ఆగిపోతుంది. వరుసగా రెండు త్రైమాసికాలు నివేదిక రాకపోతే దాన్ని రద్దు చేయకండి. జత చాప్టర్ వారిలో ఒకరిని, విశాఖకైతే విజయవాడ వారిని, తాత్కాలిక సంరక్షకులుగా నియమించి, ఖాతా, పట్టిక, కాగితాలు రెండేళ్లపాటు వారి పర్యవేక్షణలో ఉంచండి. ఆ సంరక్షకులు మూడు నెలలకొకసారి ఆ ఊళ్లో మిగిలిన సభ్యులకు ఫోన్ చేయాలి, ఆ ఏడాది విదేశం నుంచి కొత్తగా తిరిగివచ్చినవారి పేర్లు వారికి ఇవ్వాలి. మా చాప్టర్ రెండోసారి మొదలైంది అలాంటి ఒక ఫోన్‌తోనే. అవతలి గొంతు విజయవాడది, ఇచ్చిన పేరు అప్పుడే తిరిగివచ్చి మద్దిలపాలెంలో దిగిన ఒక అమ్మాయిది. ఇప్పుడు మా కార్యదర్శి ఆ అమ్మాయే.